యూకేలో కోసిన టాక్స్ ఇంటికొచ్చేశాక తిరిగి వస్తుందా?

వస్తుంది, కాకపోతే మనమే అడగాలి. జూలై చివర ఉద్యోగం మానేసి వచ్చేశానని రాశారు కాబట్టి మీదీ నాలాంటి కేసే. అక్కడ టాక్స్ ఏడాది ఏప్రిల్ 6న మొదలవుతుంది, 12,570 పౌండ్ల దాకా పన్ను లేదు. కానీ ఆ మినహాయింపుని పన్నెండు నెలలకీ పంచి మరీ జీతంలో కోస్తారు. నెలకి 2,000 చొప్పున నాలుగు నెలలు చేస్తే మొత్తం 8,000, పన్ను పడే సంపాదనే కాదు, అయినా సుమారు 760 పౌండ్లు పోయుంటాయి. ఆ ఏడాదికి అక్కడి రెసిడెంటుగా (పన్ను లెక్కలో అక్కడి నివాసిగా) లెక్కకొస్తే అదంతా మీదే. యూకే వదిలి వెళ్లామని చెప్పే పీ85 ఫారం నింపి, మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చిన పీ45 (అప్పటిదాకా జీతం, పన్ను ఎంతో చూపే కాగితం) జత చేసి అక్కడి పన్ను శాఖకి పంపండి, నాలుగేళ్ల దాకా టైముంది. పన్నుతో పాటు జీతంలో కోసే నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత చందా) డబ్బు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఏజెంట్ల జోలికి పోవద్దు. వచ్చినదాంట్లో వాటా తీసుకుని వాళ్లు నింపేదీ ఆ ఫారమే.

అసలు తిప్పలు డబ్బు చేతికి రావడంలో ఉన్నాయి. వీసా అయిపోయిందని నా బ్యాంకు ఖాతా వాళ్లే మూసేశారు, దాంతో చెక్కు ఒడిశాలో మన బరంపురం ఇంటికి పోస్టులో బయల్దేరింది. మన ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే బెంగాల్లో ఇంకో ఊరు కూడా పలుకుతుంది కదా, కవరు మీద 760001 అని పిన్ ఉన్నా ముందు ముర్షిదాబాద్ వెళ్లి, అక్కడి ముద్ర వేయించుకుని మరీ వచ్చింది. అంచులు నలిగిపోయి, ఒక మూల తడిసి ఉంది. బ్యాంకులో కౌంటరు దగ్గరాయన దాన్ని లైటుకి పెట్టి చూసి, పక్కాయన్ని పిలిచి, ఇద్దరూ ఒడియాలో చాలాసేపు మాట్లాడుకుని, కలెక్షన్‌కి (అంటే అక్కడి బ్యాంకు నుంచి డబ్బు రప్పించడానికి) పంపాలి, వారాలు పడుతుంది, ఛార్జీలు మీవే అన్నారు. వెనకాల పెన్షన్ కోసం నిలబడ్డ ముసలాయన "ఎంత బాబూ?" అని నన్ను మూడుసార్లు అడిగాడు. అందుకే చెప్తున్నా, ఫారంలో మీ తరఫున తీసుకునే మనిషి పేరు రాసే వీలుంది, అక్కడున్న నమ్మకమైన ఫ్రెండుది రాయండి.

మన ఊరి భాపూర్ బజార్లో టీ తాగుతూ "దుబాయ్ వెళ్లుంటే పన్నే లేదు కదరా" అనే మావయ్యలు మీకూ ఉండే ఉంటారు. మన గంజాం జిల్లా నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లలో చేతికి సరైన పే స్లిప్ లేకుండా తిరిగొచ్చినవాళ్లని నేను చూశాను, వాళ్ల సంగతి ఈ మావయ్యలు ఎత్తరు. పన్ను కోసినా లెక్క కాగితం మీద ఉండే దేశమే నయం అంటాను నేను.

ఇంకోటి, మీరడగలేదు గానీ. జూలైలో వచ్చారంటే మార్చి లోపు ఇక్కడ 182 రోజులు దాటేస్తారు, అంటే ఇక్కడా రెసిడెంటే, ఆ నాలుగు నెలల జీతం మన ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో కూడా చూపించాల్సి రావచ్చు. అక్కడ రిఫండ్ తీసుకున్న పన్నుకే ఇక్కడ విదేశంలో కట్టిన పన్ను తగ్గించమని అడిగే ఫారం (నేను వేసినప్పుడు ఫారం 67) వేసి క్రెడిట్ అడక్కండి, కుదరదు. మా ఆడిటరు ఆ ఫారం పేరు నా నోటే మొదటిసారి విన్నాడు, ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.