అన్న కాలేజీకి చెల్లెలు కాపలానా?

ఖమ్మం నుంచి ఒక అమ్మ రాశారు. ఉత్తరం పెద్దది, అసలు ముక్కలు ఇవి:

"మా బాబుకి 16 ఏళ్లు, టెన్త్. నాలుగో ఏట ఆటిజం అని హైదరాబాద్‌లో చెప్పారు. లెక్కల్లో ఎప్పుడూ 90 పైనే, రైళ్ల నంబర్లు టైములు అన్నీ నోటికొచ్చు, కానీ కొత్తవాళ్లతో మాట్లాడడు, క్లాసులో గోల ఎక్కువైతే చెవులు మూసుకుని బయటికెళ్లిపోతాడు. పాప తొమ్మిదో క్లాసు. బంగారం. పొద్దున వాడి షూ లేసులు కట్టడం దగ్గర్నుంచి అన్నీ తనే చూసుకుంటుంది. ఖోఖోలో జిల్లా టీమ్‌కి సెలెక్ట్ అయింది కానీ ప్రాక్టీస్ సాయంత్రం ఆరింటిదాకా, అన్న అయిదింటికే ఇంటికొస్తాడని తనే మానేసింది, మేమేం చెప్పలేదు. బాబుని ఒక ఏడాది ఇంట్లో ఆపితే ఇద్దరూ ఒకే బ్యాచ్ అవుతారు, ఎంపీసీలో ఒకే సెక్షన్‌లో వేస్తే నాకు దిగులుండదు. వైకల్యం సర్టిఫికెట్ మాత్రం మావారు తీసుకోనివ్వలేదు, రేపు పాప పెళ్లికి అడ్డమొస్తుందని. ఇద్దర్నీ అలా వేసుకునే కాలేజీ ఏదైనా ఉంటే చెప్పండి."

చెప్పనమ్మా. అలాంటి కాలేజీ ఉన్నా చెప్పను. బాబుని ఏడాది ఆపొద్దు, ఇద్దర్నీ ఒకే సెక్షన్‌లో వెయ్యొద్దు, మీరడిగినదానికి జవాబు అంతే.

బాబు గురించి రాయాలని కూర్చున్నారు కానీ మీ ఉత్తరంలో నాకు గుచ్చుకుంది పాప. పాపకి ఎంపీసీ ఇష్టమో బైపీసీ ఇష్టమో అసలు చదువు మీద ఏం ఆశలున్నాయో ఒక్క ముక్క లేదు, వాడికి ఎంపీసీ కాబట్టి దానికీ ఎంపీసీ. నాలుగు పేజీలు రాసి ఖోఖో మాట ఒక్క వాక్యంలో తేల్చేశారు, అదీ "తనే మానేసింది" అని. పద్నాలుగేళ్ల పిల్ల జిల్లా టీమ్‌ని తనంతట తను మానెయ్యదమ్మా. అమ్మ మొహం చూసి మానేస్తుంది. మీరు నోటితో చెప్పలేదంటే నమ్ముతాను, కానీ అయిదింటికి గుమ్మంలో నిలబడి మీరు పడే కంగారు అది రోజూ చూస్తూనే ఉంది కదా.

ఇంకో మాట, కాస్త కటువుగానే ఉంటుంది. పాప పెళ్లికి అడ్డమని సర్టిఫికెట్ వద్దన్నారు మీ ఆయన, సరే. అదే పాపని ఇంటర్‌లో రెండేళ్లు, ఆ తర్వాత ఇంజనీరింగ్ అంటే ఇంకో నాలుగేళ్లు అన్న పక్కనే కూర్చోబెడదామంటున్నారు మీరు. కాగితం దాస్తే సంబంధాలవాళ్లకి తెలీదా, మీ వీధిలో తెలీదా, మీ ఆడపడుచులకి తెలీదా? అందరికీ తెలుసు. దాచడం వల్ల నష్టం మాత్రం మొత్తం వాడికే, వాడికి రావాల్సినవి రాకుండా పోయి ఆ లోటంతా పాప నెత్తిన పడుతోంది. పరీక్షలో ఇంకాస్త టైమిచ్చి, గోలలేని గదిలో కూర్చోబెట్టి, గాభరా పడితే చూసుకునే మనిషిని కాలేజీవాళ్లు పెట్టాల్సిన చోట మీరు చెల్లెల్ని పెడుతున్నారు. జీతం లేని ఆయా అన్నమాట. కోపమొస్తే రానివ్వండి.

నా దగ్గరికి ఒకావిడ వచ్చేది, ముప్పై నాలుగేళ్లు, మంచి ఉద్యోగం, తమ్ముడికి ఇలాగే ఆటిజం. వాడి మీద ఆవిడకి ఏ కోపమూ లేదు, వాడంటే ప్రాణం. కోపమంతా వాళ్లమ్మ మీద. "నాకు జ్వరమొచ్చినా అమ్మ ముందు వాడి దగ్గరికి ఎవరు పోతారనే అడిగేది" అంది. అదొక్కటే మాట, మూడు వారాలు అదే చెప్పింది. మీ పాప అక్కడిదాకా రాకూడదనే ఇంత గట్టిగా రాస్తున్నా.

సరే బాబు సంగతికొద్దాం, అక్కడ పనులున్నాయి.

ముందు సర్టిఫికెట్. మీ ఆయన్ని ఒప్పించండి, ఒప్పుకోకపోతే మీరే తీసుకెళ్లండి, తల్లికి ఆ హక్కు ఉంది. ఈ సర్టిఫికెట్‌ని మనవాళ్లు ఇప్పటికీ సదరం అనే అంటారు, యూడీఐడీ అని వికలాంగుల గుర్తింపు కార్డు కూడా ఉంది, ఎలా అప్లై చెయ్యాలో మీసేవలో అడిగినా చెప్తారు. ఆటిజం ఎంత ఉందో కొలవడానికి ఇసా అని ఒక స్కేలు ఉంటుంది, 40 అంశాలు, దాని మీద వైకల్యం శాతం వేస్తారు. అక్కడ మన అమ్మలు చేసే తప్పొకటుంది, డాక్టర్ అడగ్గానే "లెక్కల్లో ఫస్టండీ, అన్నీ తెలుసండీ" అని గొప్పలు చెప్తారు. వాడి మంచి రోజు కాదు, మామూలు రోజు ఎలా ఉంటుందో చెప్పండి, లేసులు చెల్లెలు కడుతుందని కూడా చెప్పండి. వాడికి ఏది వస్తుందో ఏది రాదో ఇంకా వివరంగా పరీక్ష చేయించాలంటే సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, 1984 నుంచి ఉన్నది, ఒకసారి వెళ్లిరండి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం పేరు పెట్టి మరీ ఉంది. 40 శాతం, ఆ పైన వస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యా సంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు, వయసులో అయిదేళ్ల సడలింపు. ఐఐటీల్లో కూడా ఆ 5 శాతం ఉంటుంది. పరీక్షల్లో గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు టైము ఇవ్వాలని కేంద్రం 2018లోనే రూల్స్ ఇచ్చింది, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. బోర్డు పరీక్షకి ఇది హాల్ టికెట్ వచ్చాక అడిగితే కుదరదు, స్కూల్ హెడ్‌మాస్టర్ ద్వారా ముందే పెట్టుకోవాలి. అయిదేళ్ల సడలింపు గురించి ఎందుకు చెప్పానంటే, బాబుకి నిజంగా ఏడాది గ్యాప్ కావాలంటే తీసుకోండి, తప్పేం లేదు, ఓపెన్ స్కూల్లో ఇంటర్ నెమ్మదిగా కట్టుకున్నా తప్పులేదు. కానీ ఆ గ్యాప్ వాడి కోసం అయ్యుండాలి, చెల్లెలు అందుకోవడం కోసం కాదు.

హాస్టల్ ఉన్న పెద్ద కార్పొరేట్ కాలేజీ జోలికి పోవద్దు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లు, గదికి ఎనిమిదిమంది, మైకులో అనౌన్స్‌మెంట్లు, మామూలు పిల్లలే తట్టుకోలేకపోతున్నారు. ఇంటి నుంచి వెళ్లొచ్చే చిన్న కాలేజీ చూడండి, సెక్షన్‌లో ముప్పై నలభై మందికి మించకుండా. చేర్చే ముందు ప్రిన్సిపాల్‌ని ఒక్కటే అడగండి: "క్లాసు మధ్యలో లేచి పది నిమిషాలు బయట కూర్చుంటే మీ లెక్చరర్లు ఏమంటారు?" ఆయన మొహంలోనే జవాబు దొరుకుతుంది. లెక్కల మీద అంత ప్రేమున్నవాడికి ఎంపీసీ ఒక్కటే దారి అని కూడా ఏం లేదు, ఎంఈసీ ఉంది, పాలిటెక్నిక్ ఉంది. ఏది కావాలో వాడినే అడగండి. మాట్లాడడు అంటారేమో, కాగితం మీద మూడు రాసి టిక్ పెట్టమనండి, రైళ్ల టైములు నోటికొచ్చినవాడికి తన రెండేళ్లు ఎలా గడవాలో చెప్పడం రాదని నేననుకోను.

ఇక ఇంట్లో. వాడు పదహారేళ్ల మగపిల్లాడు, చెల్లెలు కాళ్ల దగ్గర కూర్చుని లేసులు కడుతుంటే వాడికెలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? వెల్‌క్రో షూ కొనండి, రేపే కొనండి. బస్ ఎక్కడం, టికెట్ తీసుకోవడం, చిల్లర లెక్కపెట్టుకోవడం ఈ సెలవుల్లో ఆయన నేర్పాలి. అవును, మీ ఆయనే. మీరు వెనకాల ఆటోలో ఫాలో అవ్వకూడదు. మెళ్లో ఐడీ కార్డు, దాని వెనక "గోల ఎక్కువైతే నాకు పది నిమిషాలు బయట కూర్చోవాలి, ఆ తర్వాత వస్తాను" అని వాడి చేతిరాతతోనే ఒక చీటీ. మాట పెగలనప్పుడు అది చూపిస్తే చాలు.

మీ తర్వాత వాడికెవరు అనే భయం నాకు అర్థం కాకపోలేదు, అది అందరమ్మలకీ ఉంటుంది, రాత్రిళ్లు ఎక్కువగా వస్తుంది. దానికి కూడా 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది, పద్దెనిమిది నిండాక అవసరమైతే కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని పెడుతుంది. మీవాడికి ఆ అవసరం రాకపోవచ్చనే నా ఉద్దేశం. రేపు పాప పెద్దదై, తన కాళ్ల మీద తను నిలబడి, అన్నని నేను చూసుకుంటా అంటే అది వేరే సంగతి, అప్పుడు ఎవరూ ఆపరు. తొమ్మిదో క్లాసులో మీరు దాని తరపున మాటిచ్చెయ్యకూడదు.

సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా బాబుతో మీరో మీ ఆయనో ఉండండి, ఆ గంట ఎలా సర్దుకుంటారో మీ ఇష్టం. ఖోఖో సార్ నంబర్ మీ ఫోన్లో ఇంకా ఉండే ఉంటుంది, పాప స్కూల్ నుంచి వచ్చేలోపు ఒకసారి చెయ్యండి.