నువ్వు కొట్టేసిన వాక్యం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. జవాబు రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ పెన్ను పక్కన పెట్టేశాను. నువ్వు అడిగినవాటికి నా దగ్గర జవాబులు ఉన్నాయి. కానీ అడగబోయి ఆపేసుకున్నది ఒకటి ఉంది. దాని సంగతి మాట్లాడకుండా మిగతావి ఎన్ని చెప్పినా నీకు ఉపయోగం ఉండదనిపించింది.

ఉత్తరంలో రెండో పేజీ అంతా నీ లక్ష్యాలే. ముప్ఫై ఏళ్లు వచ్చేలోపు పది పనులు. నవల పూర్తి చేయడం, కథల సంపుటి, ఒక మంచి అవార్డు, ఉద్యోగం మానేసి రాతమీదే బతకడం, ఇలా. అంకెలు వేసి, పక్కన గడువులు కూడా పెట్టావు. నీ వయసులో నేను ఇంత పద్ధతిగా లేను. ఆ జాబితా కింద ఒక వాక్యం రాసి కొట్టేశావు. గట్టిగానే కొట్టావు గానీ, కాగితం తిప్పి వెలుతురుకు పెడితే కనిపించింది. చదవకూడదేమో, క్షమించు. "అమ్మ గురించి ఉన్నది ఉన్నట్టు రాయాలని ఉంది, కానీ" అని ఉంది. అక్కడితో ఆగిపోయింది.

ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే.

ముందు జాబితా సంగతి. ఇంకోసారి తీసి చూడమ్మా. ఆ పదింటిలో ఏడు నీ చేతిలో లేవు. అవార్డు ఇచ్చేది ఎవరో. పుస్తకం వేసేది ఎవరో. చదివి మెచ్చుకునేది ఎవరో. అవి కోరికలు. కోరుకోవడంలో తప్పేమీ లేదు, నేనూ కోరుకున్నాను. కానీ పొద్దున్నే లేచి, ఈ రోజు అవార్డు తెచ్చుకుందాం అని బల్ల ముందు కూర్చోలేం కదా. కూర్చుని చేయగలిగింది ఒక పేజీ రాయడం, రాసింది దిద్దడం, ధైర్యం చేసి ఒక మనిషికి చూపించడం. ఇంకో మాట. కొత్తగా రాస్తున్నవాళ్లు నాకు చాలామంది ఉత్తరాలు రాస్తారు. వాళ్ల జాబితాలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. నీ పేజీలో ఇంకెవరూ రాయలేని వాక్యం ఒక్కటే ఉంది. దాన్నే కొట్టేశావు.

నా సంగతి చెప్తాను.

నాకు పన్నెండేళ్లప్పుడు మా అన్నయ్య ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ అతని పేరెత్తలేదు. గోడమీద ఫోటో తీసేశారు, మేకు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇరవై ఆరో ఏట ఆ మేకు గురించి కథ రాశాను. రెండు రాత్రుల్లో అయిపోయింది. అప్పటిదాకా నేను రాసినవాటిలో అదే బాగుందని నాకు తెలుసు. మడిచి ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాను. పదకొండేళ్లు అక్కడే ఉంది.

ఆ పదకొండేళ్లలో ముప్ఫై దాకా కథలు రాశాను. అచ్చయ్యాయి, కొంచెం పేరు కూడా వచ్చింది. ఎవరికీ కోపం తెప్పించని కథలు. వాటిలో ఏది రాస్తున్నా మధ్యలో ఎక్కడో అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. నేను వెంటనే కథను ఇంకో వైపు తిప్పేసేదాన్ని. చదివేవాళ్లకు అది తెలిసేది కాదు. నాకు తెలిసేది.

చివరికి అమ్మకు చూపు బాగా తగ్గింది. ఇక చదవలేదు కదా, అచ్చుకు పంపొచ్చు అనుకున్నాను. అలా అనుకున్నందుకు చాలా సిగ్గేసింది. ఓ మధ్యాహ్నం అమ్మ మంచం పక్కన కూర్చుని కథంతా చదివి వినిపించాను. అమ్మ ఏమీ అనలేదు. రెండు రోజులు ముభావంగా ఉంది. మూడో రోజు పిలిచి, "వాడు చొక్కా పై గుండీ ఎప్పుడూ పెట్టుకునేవాడు కాదు. నువ్వు పెట్టుకున్నట్టు రాశావు. మార్చు" అంది. పాతికేళ్ల తర్వాత ఆ ఇంట్లో అన్నయ్య గురించి వచ్చిన మొదటి మాట అది.

నష్టం లేదని చెప్పను. కథ అచ్చయ్యాక దగ్గరి బంధువు ఒకరు నాతో మాట్లాడటం మానేశారు. ఇప్పటికీ మాట్లాడరు. అది దాచిపెట్టి నీకు ధైర్యం నూరిపోస్తే అబద్ధమవుతుంది.

థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1994లో పశ్చాత్తాపం గురించి ఒక పరిశోధన ప్రచురించారు. ఈమధ్య జరిగినవాటి గురించి ఆలోచిస్తే, చేసిన పనులే మనుషుల్ని ఎక్కువ బాధపెడతాయట. జీవితమంతా వెనక్కి తిరిగి చూసుకోమంటే మాత్రం చేయకుండా వదిలేసినవే ఎక్కువ గుర్తొస్తాయట. నాకు ఇది చదివి ఆశ్చర్యం వేయలేదు. చేసినదానికి క్షమాపణ అడగొచ్చు, ఏదో ఒక విధంగా సర్దుకోవచ్చు. మా బంధువు ఇంటికి రెండుసార్లు వెళ్లాను, నా మాట చెప్పుకున్నాను. పోయిన ఆ పదకొండేళ్ల గురించి నేను ఎవరింటికి వెళ్లను? ఆ వయసులో ఆ కథ బయటికి వచ్చి ఉంటే తర్వాత ఏం రాసేదాన్నో ఇప్పటికీ ఊహించుకుంటూ ఉంటాను.

ఉద్యోగం మానేయాలా అని అడిగావు. వద్దు. ఇప్పుడే వద్దు. రాజీనామా అందరికీ కనిపించే సాహసం. చేసిన రోజు గుండె ఉప్పొంగుతుంది, పది మంది మెచ్చుకుంటారు. మర్నాడు పొద్దున బల్ల ముందు కూర్చుంటే అదే పేజీ, అదే భయం, వాటికి తోడు నెలాఖరు టెన్షన్. ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రాలొప్ 1834 నుంచి 1867 దాకా తపాలా శాఖలో పనిచేశారు. పొద్దున అయిదున్నరకల్లా బల్ల దగ్గర కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవారు. మొత్తం 47 నవలలు రాశారు. ఆ లెక్క నీకు అక్కర్లేదు, నాకూ ఎప్పుడూ కుదరలేదు. ఏ వేళ, ఏ కుర్చీలో, ఎంతసేపు అన్నది ముందే నిర్ణయించుకుని కూర్చో, చాలు. మొదట్లో అరగంట సరిపోతుంది.

నవలకు ఆరు నెలల గడువు పెట్టావు. మీ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని ఒక పరిశోధనలో సైకాలజీ విద్యార్థులను అడిగితే, వాళ్లు చెప్పింది సగటున 34 రోజులు, పట్టింది 55 రోజుల పైనే. గడువు దాటితే నీలో ఏదో లోపం ఉందనుకోకు.

ధైర్యం అనగానే నాకు గుర్తొచ్చేది గురజాడ. కన్యాశుల్కం మొదటిసారి 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. దానికి అప్పటికే మంచి పేరుంది. ఆయన అక్కడితో ఆగి ఇంకో నాటకం మొదలుపెట్టుకోవచ్చు. అలా చేయలేదు. అందరూ బాగుందన్న నాటకాన్నే మళ్లీ ముందేసుకుని, తిరగరాసి, చాలా పెంచి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఈ రోజు మనం చదువుకుంటున్నది దాన్నే. నలుగురూ మెచ్చుకున్న రాతను కూడా ఇది చాలదు అని పక్కకు తోయగలగడం ఎంత కష్టమో రాసేవాళ్లకే తెలుస్తుంది. నీ పదింటిలో రాసింది తిరగరాయడం అన్నది ఎక్కడా లేదు. చేర్చుకో.

ఇక అమ్మ గురించి. ఉన్నది ఉన్నట్టు రాయడం అంటే కక్ష తీర్చుకోవడం కాదు. ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, రాసేవాళ్లు కూడా పొరబడతారు. నేను పాటించే పద్ధతి ఒకటి ఉంది. కథలో ఎవరిమీద నాకు కోపమో, అందరికంటే మంచి మాట వాళ్లచేతే అనిపిస్తాను. వాళ్లు చేసినదానికి వాళ్ల కారణం వాళ్ల నోటితోనే, నేను జవాబు చెప్పలేనంత బలంగా రావాలి. అది రాయలేకపోయానంటే ఆ మనిషి నాకింకా అర్థం కాలేదన్నమాట, ఆ కథ కొన్నాళ్లు ఆగాల్సిందే. అన్నయ్య కథ మొదట రాసినప్పుడు నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. అచ్చుకు పంపేముందు ఆయనకు ఒక పేజీ ఇచ్చాను. ఆ పేజీ రాయడానికే నెల పట్టింది. రాస్తున్నంతసేపూ ఆయన మీద కోపం పోలేదు గానీ, ఆయన ఆ రాత్రంతా వీధి తలుపు గడియ వేయకుండా కూర్చున్నారని మొదటిసారి గుర్తొచ్చింది.

రాసింది వెంటనే అచ్చుకు పంపనక్కర్లేదు. అమ్మకు ఎప్పుడు చూపించాలో, అసలు చూపించాలో వద్దో తర్వాత సంగతి. అది నీ ఇంటి విషయం, నేను చెప్పేది కాదు. ముందు కాగితం మీద పెట్టు. వాక్యం మధ్యలో ఆపకు.

నువ్వు పంపిన కథ దీంతో పాటు తిరిగి పంపుతున్నాను. పెన్సిల్‌తో అక్కడక్కడా గుర్తులు పెట్టాను. వాక్యం చక్కగా కుదిరింది, ఆసుపత్రి వరండా దృశ్యం చాలా బాగుంది. మూడో పేజీలో కూతురు ఇల్లు వదిలి వెళ్తానన్నప్పుడు, "తల్లి నవ్వి ఊరుకుంది" అని రాశావు. దాని పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టాను. కథంతా చదివాక నాకు ఆ నవ్వు మీద నమ్మకం కుదరలేదు. ఆ రోజు ఆమె నిజంగా నవ్విందా? నవ్వకపోతే ఏం చేసింది? చేతులు ఎక్కడ పెట్టుకుంది, ఎటు చూసింది, ఏమంది? ఆ ఒక్క పేజీ రాసి, కొట్టివేతలతో సహా నాకు పంపు. ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి