రక్తపాతం లేని డిటెక్టివ్ కథలు

ప్రశ్న: బీభత్సం లేని డిటెక్టివ్ నవలలు, క్రిస్మస్ సెలవుల్లో హాయిగా చదువుకోదగ్గవి సూచించగలరా?

జవాబు: ఇంగ్లిష్ రచయిత్రి అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్‌తో మొదలుపెట్టండి. సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెలో ఊలు అల్లుకుంటూ ఇరుగుపొరుగు కబుర్లు వినే ఆ పెద్దావిడ, హంతకుల స్వభావాన్ని తన ఊరివాళ్ల చిన్నచిన్న తప్పులతో పోల్చి పట్టేస్తారు. ఈ తరహా కథల్లో నాకు ఇంతకన్నా ఇష్టమైన పాత్ర లేదు. తొలి నవల 1930లో వచ్చింది. మొత్తం 12 నవలలు, దేనికది విడి కథే కాబట్టి వరుస తప్పినా ఇబ్బంది లేదు.

పండుగకైతే క్రిస్టీ మరో డిటెక్టివ్ హెర్క్యూల్ పాయిరో కనిపించే ‘ది అడ్వెంచర్ ఆఫ్ ది క్రిస్మస్ పుడ్డింగ్’ చదవండి. పాత బంగళాలో అందరూ విందుకు కూర్చున్నప్పుడు, పుడ్డింగ్ తింటున్న పెద్దాయన నోటికి గాజుపెంకులాంటి ఎర్రరాయి తగులుతుంది. అయితే ‘హెర్క్యూల్ పాయిరోస్ క్రిస్మస్’ను మాత్రం పేరు చూసి ఎంచుకోకండి, హత్యల్లో నెత్తురు చాలడం లేదని బావగారు అన్నందుకు క్రిస్టీ 1938లో రాసిన నవల అది.