పెళ్ళికి బాబుని తీసుకెళ్ళనా, వద్దా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర చిన్న ఊరు. పదేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు. బాబు ఏడో నెలలోనే పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. కాళ్ళు బిగుసుకుపోయి నడవలేడు. మాట సరిగా రాదు, చొంగ కారుతుంటుంది. కానీ అన్నీ అర్థమవుతాయి. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్ళి. 'నలుగురూ వచ్చే చోటుకి వాడెందుకు, ఎవరి దగ్గరైనా వదిలిరా' అంటున్నారు అత్తయ్య. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు నేను బయట తిరిగినందుకే ఇలా పుట్టాడని అందరికీ చెబుతుంటారు. మావారు నోరు విప్పరు. పాప స్నేహితుల్ని ఇంటికి తీసుకురావడం మానేసింది. దగ్గర్లోని స్కూలువాళ్ళు 'మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరు' అని బాబుని చేర్చుకోలేదు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. పెళ్ళికి బాబుని తీసుకెళ్ళనా, లేక నేనూ ఇంట్లోనే ఉండిపోనా?
– ఒక తల్లి

జవాబు: తీసుకెళ్ళండమ్మా. 'అన్నీ అర్థమవుతాయి' అని మీరే రాశారు. అంటే 'వాడెందుకు' అన్న మాట కూడా వాడి చెవిన పడే ఉంటుంది. అక్క పట్టులంగా కట్టుకుని బయల్దేరితే తనెందుకు ఆగిపోయాడో కూడా తెలుస్తుంది. అడగడానికి మాట రాదు, అంతే. బంధువులకి మీరు ఏ జవాబు చెప్పినా పక్కనే కూర్చుని మీ బాబు వింటున్నాడు, పాప కూడా వింటోంది. ఆ ఇద్దర్నీ దృష్టిలో పెట్టుకుని మాట్లాడండి.

పెళ్ళిలో ఎవరో ఒకరు వచ్చి, వాడిని చూస్తూ మిమ్మల్ని అడుగుతారు: 'అయ్యో పాపం, ఏమైందమ్మా వీడికి?' చాలామంది తల్లులు అక్కడే పురిటి దగ్గర్నుంచి మొదలుపెట్టి తిరిగిన ఆస్పత్రులు, పెట్టిన ఖర్చు అన్నీ చెప్పేస్తారు. అంత చెప్పాల్సిన పని లేదు. 'నెలలు నిండకుండా పుట్టాడండీ, కాళ్ళు బిగువుగా ఉంటాయి. మనం మాట్లాడేదంతా వాడికి అర్థమవుతుంది, పలకరించండి' అని మీ కుర్చీ కాస్త పక్కకి జరుపుకోండి. 'నీ పేరేంటి నాన్నా?' అని వాళ్ళు అడిగితే మీరు అందుకోకండి. పేరు చెప్పడానికి వాడికి అర నిమిషం పట్టొచ్చు. పట్టనివ్వండి. ఆ కాసేపు అందరికీ ఇబ్బందిగానే ఉంటుంది, మీకు మరీనూ. కానీ తన పేరు తనే చెప్పుకున్న పిల్లాడిని ఆ తర్వాత 'పాపం' అనడానికి చాలామందికి నోరు రాదు. అయినా అనేవాళ్ళుంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోకుండా 'భోజనాలకి వెళ్తున్నామండీ' అని లేచి వచ్చేయండి.

ఇక ఆ రోజు వాడికి హాయిగా గడవాలంటే కొంచెం ముందుచూపు కావాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు చాలామంది పెద్ద శబ్దానికి ఉలిక్కిపడి ఒళ్ళంతా బిగబట్టేస్తారు. మేళానికీ స్పీకర్లకీ దూరంగా కూర్చోండి. 'ఇప్పుడు డప్పులు మోగుతాయి' అని ముందే చెవిలో చెప్పండి. తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి. రసంలాంటి పల్చటివి పొలమారే భయం ఉంటే మెత్తగా కలిపిన పెరుగన్నం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. రుమాళ్ళు నాలుగు ఎక్కువే ఉంచుకోండి. మూతి తుడిచేటప్పుడు ఎవరైనా చూస్తారేమోనని గబుక్కున తుడిచేయకుండా 'తుడవనా నాన్నా?' అని అడిగి తుడవండి. వాడు అలసిపోతే తలంబ్రాల దాకా ఉండాలని పట్టు పట్టకండి.

గ్రహణం సంగతి. ఎదుగుతున్న మెదడుకి దెబ్బ తగలడం వల్ల వచ్చేది సెరిబ్రల్ పాల్సీ. నెలలు నిండకుండా పుట్టడం దానికి పెద్ద కారణాల్లో ఒకటి. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మీరు ఏ తప్పూ చేయలేదు. ఈ మాట అత్తయ్యగారితో మీరంటే కోడలు ఎదురు చెప్పినట్టవుతుంది. చెప్పాల్సింది మీవారు. ఆయన మౌనానికి కారణం ప్రేమ లేకపోవడమే అనుకోకండి, చాలామంది తండ్రులు దుఃఖాన్ని అలాగే మింగుతారు. కానీ ఆ మౌనం వల్ల నిందంతా మీ నెత్తినే పడుతోంది. 'మీరెప్పుడూ నా పక్షం మాట్లాడరు' అని మొదలుపెడితే గొడవే మిగులుతుంది. ఒక్క పని అడగండి: 'పెళ్ళికి నలుగురం వస్తున్నామని మీ అమ్మగారికి మీరే చెప్పండి.' వచ్చేసారి డాక్టర్ దగ్గరికి ఆవిడని కూడా తీసుకెళ్ళమనండి. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా వినని పెద్దవాళ్ళు డాక్టర్ చెబితే వింటారు.

పాపని కోప్పడకండి. తనకీ సిగ్గుంటుంది, తమ్ముడంటే ప్రేమా ఉంటుంది. 'నీ ఫ్రెండ్స్ ఏమైనా అన్నారా?' అని అడిగి, చెప్పనివ్వండి. వారంలో ఒక గంట తనకి మాత్రమే ఇవ్వండి, ఆ గంటలో తమ్ముడి మాటే ఎత్తకండి.

స్కూలు విషయంలో మాత్రం వెనక్కి తగ్గకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గర్లోని బడిలోగానీ ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలు వైకల్యం పేరు చెప్పి కాదనకూడదు. దరఖాస్తు కాగితం మీద ఇచ్చి, ఎందుకు చేర్చుకోరో కాగితం మీదే రాసిమ్మనండి. అలా అడిగితేనే చాలాచోట్ల మాట మారుతుంది. మారకపోతే మండల విద్యాధికారిని (ఎంఈఓ) కలవండి. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కూడా అక్కడే కనుక్కోండి, ప్రత్యేక టీచర్లు, ఫిజియోథెరపీ ఉంటాయి. వైకల్యం ఎంత శాతమో తెలిపే సదరం సర్టిఫికెట్ ఇంకా లేకపోతే ముందు అది చేయించండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమాలో చేర్పిస్తే థెరపీతో సహా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులకు సాయం అందుతుంది.

చివరగా మీ నిద్ర గురించి. అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టింది ఉత్తరంలోని ఆ ఒక్క ముక్కే. ఏడేళ్ళుగా ఎత్తడం, దించడం, తినిపించడం, మాటలు పడడం అన్నీ మీరే. రెండు వారాలకి మించి నిద్రా ఆకలీ సరిగా లేకపోతే సైకియాట్రిస్ట్‌ని కలవాలి. అంతవరకూ ఆగక్కర్లేదు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పెళ్ళికి ముందే ఒకసారి చేయండి.