కంచం తన్నిన పిల్లాడు

ప్రశ్న: "మా పాప రెండో తరగతి. ఇంట్లో బాగానే ఉంటుంది. బడిలో మాత్రం ఊరికే కోపం తెచ్చుకుని పక్కపిల్లలను కొడుతోందని టీచర్ చెబుతున్నారు. ఈ వయసు పిల్లలకు తమ భావోద్వేగాలు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?"

ఈ వయసులో చెప్పాల్సింది చాలా తక్కువండీ, కనిపెట్టాల్సింది చాలా ఎక్కువ. కోపం తెచ్చుకోకూడదు, ఎవరినీ కొట్టకూడదు అన్న సంగతి మీ పాపకు ఎల్‌కేజీ నుంచే తెలుసు. తెలిసినా చెయ్యి లేస్తోందంటే వెనక ఇంకేదో ఉంది. అదేమిటో పాపకే తెలియదు. పెద్దవాళ్లు ఎవరో ఒకరు అది పట్టుకుని పాపకు చూపించాలి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా బడిలో చూసిన ఒక పిల్లాడు.

నేను కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచరును. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లం. అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, అదే గదిలో మూడో తరగతికి తీసివేతలు చెప్పే టీచరుకు ఏ పిల్ల ఎందుకు ముభావంగా ఉందో చూసే తీరిక ఎక్కడిది? మీ పాప టీచరును తప్పుపట్టే ముందు ఆ తరగతిలో ఎంతమంది ఉన్నారో కనుక్కోండి.

మా వైపు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల్లో పత్తి ఏరడం అయిపోయాక ఇక పనులుండవు. మిరపకాయలు కొయ్యడానికి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు పోతాయి. సుగ్గికి పోవడం అంటారు. కొందరు పిల్లలను వెంట తీసుకుపోతారు, ఆ పిల్లల చదువు అక్కడితో ఆగుతుంది. కొందరు అవ్వాతాతల దగ్గర వదిలిపోతారు. ఇలాంటి పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద సీజనల్ హాస్టళ్లు కూడా నడుపుతారు. కూడు, నీడ దొరుకుతాయి, హాజరు పడుతుంది. అమ్మ లేని రాత్రిళ్ల సంగతి మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు.

ఆ పిల్లాణ్ని ఈరన్న అనుకుందాం. ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకున్నవాళ్లు మా వైపు ప్రతి బడిలోనూ ఉంటారు కాబట్టి ఎవరూ పోల్చుకోలేరు. మూడో తరగతి. ఎక్కాలు గడగడా అప్పజెప్పేవాడు, ఆటల్లో ముందుండేవాడు. ఆ ఏడాది సంక్రాంతి సెలవులు అయ్యాక అమ్మానాన్నలు వాడి చెల్లెలిని చంకనేసుకుని సుగ్గికి పోయారు. వీడు అవ్వ దగ్గర ఉండిపోయాడు. ఆ తర్వాత తగాదాలు మొదలయ్యాయి, అదీ ఒకే పిల్లతో. ఆ పిల్లను లక్ష్మి అందాం. లక్ష్మి జడ లాగడం, పెన్సిలు విరగ్గొట్టడం, బ్యాగు బోర్లించడం. ఒకరోజు భోజనాల దగ్గర లేచి వచ్చి లక్ష్మి కంచాన్ని కాలితో తన్నాడు. కంచం మెట్ల దాకా దొర్లింది. పప్పన్నం ఆ పిల్ల గౌను మీద పడింది, గుడ్డును కుక్క ఎత్తుకుపోయింది.

అక్కడే ఉన్న ఊరి పెద్దాయన "రెండు తగిలించండి మేడం, దెబ్బకు దయ్యం వదులుతుంది" అన్నాడు. పిల్లలను కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధమని 2009 నాటి విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం లేకపోయినా నేను కొట్టను. దెబ్బ తిన్న పిల్లాడు మళ్లీ మనకు ఏదీ చెప్పడు, అక్కడితో దారి మూసుకుపోతుంది.

ఆ గొడవలన్నీ ఒకసారి గుర్తుచేసుకుని చూస్తే నాకు ఒకటి తట్టింది. పొద్దున ఒక్కటీ లేదు. అన్నీ వంటగదిలోంచి అన్నం వాసన వచ్చే వేళకో, భోజనాలప్పుడో జరిగినవే. మా బడిలో వంట చేసేది లక్ష్మి వాళ్లమ్మ. అందరికీ గరిటెతో వడ్డించుకుంటూ ముందుకు పోయే మనిషి, కూతురి దగ్గర మాత్రం కాస్త ఆగేది. కొంగుతో ముక్కు తుడిచేది, కళ్లమీద పడిన జుట్టు చెవి వెనక్కి తోసేది, వేలితో పప్పు కలిపి చూసి ఇంకో చెంచా వేసేది. ఏ తల్లైనా చేసేదే. ఎదురు వరుసలో కూర్చుని ఈరన్న దాన్ని రోజూ చూస్తున్నాడు. ఆమెకు ఒంట్లో బాగాలేక బదులుగా వేరేవాళ్లు వండిన రోజుల్లో ఏ గొడవా లేదు.

"ఎందుకు తన్నావు?" అని నేను అడగలేదు. ఆ ప్రశ్నకు ఎనిమిదేళ్ల పిల్లాడి దగ్గర జవాబుండదు. అడిగేకొద్దీ తల దించుకుంటాడు, లేదంటే ఏదో ఒక అబద్ధం కల్పిస్తాడు. పిల్లలందరూ కంచాలు కడుక్కుని పోయాక కుళాయి దగ్గర వాడొక్కడే ఉంటే, నేనూ నా టిఫిన్ డబ్బా పట్టుకుని పోయి పక్కనే కూర్చున్నాను. డబ్బా తోముతూ "లక్ష్మికి వాళ్లమ్మ ముక్కు తుడుస్తుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది రా. కాసేపు ఏమీ బాగనిపించలేదు" అన్నాను. వాడేం మాట్లాడలేదు. కడిగిన కంచాన్నే మళ్లీ మట్టి వేసి రుద్దుతున్నాడు. చాలాసేపటికి "మా యమ్మ యా ఊర్లో ఉందో తెల్దు మేడం" అన్నాడు.

ఏ ఊర్లో ఉందో తెలియదు! గుంటూరు వైపు అని మాత్రం విన్నాడు. ఆ గుంటూరు ఎక్కడో, ఎంత దూరమో, అమ్మ అక్కడ ఎక్కడ పడుకుంటుందో ఇంట్లో ఎవరూ వాడికి చెప్పలేదు. చిన్నపిల్లాడికి ఎందుకులే అనుకున్నారు. చెబితే ఏడుస్తాడని నిద్రలో ఉండగానే బండెక్కి వెళ్లిపోయారట. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదేనండీ. పిల్లలకు చెప్పకుండా వెళ్లిపోతారు, చెప్పకుండా హాస్టల్లో వేస్తారు, ఇంట్లో చావు జరిగితే పక్కింటికి పంపించేస్తారు. తెలియకపోతే బాధ ఉండదని పెద్దల నమ్మకం. తెలియకపోతే భయం పెరుగుతుంది, ఆ భయం బడికొచ్చి ఇంకొకరి కంచం మీద పడుతుంది.

సాయంత్రం వాళ్లింటికి పోయాను. గుంపు మేస్త్రీ నంబరు గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. ఫోన్ చేస్తే కాసేపటికి తల్లి మాట్లాడింది. ఊరి పేరు చెప్పింది, చేను పక్కనే పట్టలు కప్పుకుని గుడిసె వేసుకున్నామంది, చెల్లికి జలుబు చేసి తగ్గిందంది. ఈరన్న అడిగిన మొదటి మాట "ఆడ కుక్కలున్నాయా?" అని. నేనైతే ఆ ప్రశ్న ఊహించలేదు. పిల్లల భయాలు మనం అనుకున్నచోట ఉండవు.

మర్నాడు తరగతిలో గోడ మీది ఆంధ్రప్రదేశ్ పటం దగ్గర నిలబెట్టాను. "రైలు పోతాదా మేడం?" అన్నాడు. పోతుంది కదా. ఆదోని నుంచి గుంతకల్లు, డోన్, నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు. వేలు పెట్టి ఒక్కో ఊరూ చదివాడు. మిగతా పిల్లలూ వచ్చి చేరారు, వాళ్లలో సగం మంది అమ్మానాన్నలూ ఆ దారిలోనే ఎక్కడో ఉన్నారు. ఎవరి అమ్మ ఎక్కడుందో పెన్సిలుతో చుక్కలు పెట్టుకున్నారు. ఆ రోజు గణితం కాలేదు, కాకపోయినా నష్టం లేదు.

కంచం విషయానికి వస్తే, లక్ష్మికి సారీ చెప్పమని నేను అనలేదు. పిల్లల చేత బలవంతంగా సారీ చెప్పించడం నాకు అస్సలు నచ్చదు. తల వంచుకుని గొణిగితే పెద్దవాళ్లకు తృప్తి, ఆ ఇద్దరు పిల్లల మధ్య ఏమీ మారదు. "లక్ష్మి గౌను పాడైంది, గుడ్డు పోయింది. నువ్వేం చేయగలవు?" అని అడిగాను. మర్నాడు తన గుడ్డు సగం చేసి ఇచ్చాడు. లక్ష్మి పెద్ద ముక్క తనకు కావాలంది, ఇచ్చాడు. దాంతో అంతా సర్దుకుందని చెప్పను. తర్వాత ఒకసారి ఆ పిల్ల నోటుబుక్కులో పేజీ చించాడు కూడా. అయితే ఉగాదికి ముందు ఒకరోజు వాడే నా దగ్గరికి వచ్చి "మేడం, ఈ పొద్దు నాకు బాగలేదు, లక్ష్మి పక్కన కూచోను" అన్నాడు. మీరు అడిగిన అర్థం చేసుకోవడమంటే ఇదేనని నా అభిప్రాయం. చెయ్యి లేవకముందే లోపల ఏదో కదులుతోందని పిల్లాడికి తెలియడం, అది చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండడం.

ఇప్పుడు చాలా స్కూళ్లలో గోడకు నాలుగు మొహాల చార్టు తగిలిస్తున్నారు. నవ్వే మొహం, ఏడ్చే మొహం, కోపం మొహం, భయం మొహం. "ఈరోజు నువ్వెలా ఉన్నావో చూపించు" అంటే పిల్లలు టీచరుకు నచ్చుతుందని నవ్వే మొహం మీదే వేలు పెడతారు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో హ్యాపీనెస్ కరికులం అని నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజూ ఒక పీరియడ్ పెట్టారు. దానికి పరీక్ష లేకుండా చేశారు, అది మంచి పని. మన దగ్గరా అలాంటిది రావాలి. కానీ పీరియడ్ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ గంటలో కళ్లు మూసుకోమని చెప్పి, తర్వాతి గంటలో "వాణ్ని చూసి నేర్చుకో, సిగ్గు లేదా?" అంటే ముందు గంట వృథా.

నేను చేసేది చిన్న పని. పొద్దున పాఠం మొదలుపెట్టే ముందు పది నిమిషాలు అందరం కింద గుండ్రంగా కూర్చుంటాం. "ఎలా ఉన్నారు" అని అడగను, "బాగున్నాం మేడం" అని కోరస్ వస్తుంది. "నిన్న బడి విడిచాక ఏం జరిగింది?" అని అడుగుతాను. మేక ఈనిందంటారు, నాన్న తాగొచ్చి అన్నం గిన్నె విసిరాడంటారు. నేనూ నా సంగతి చెబుతాను. "బస్సు తప్పిపోయి నడిచొచ్చాను, చిరాగ్గా ఉంది, మీ మీద కాదు" అని. ఆ చివరి మాట తప్పకుండా చెప్పాలి. పెద్దవాళ్ల చిరాకంతా తమ వల్లేనని పిల్లలు అనుకుంటారు. ఒకసారి కోపం వస్తే ఒంట్లో ఎక్కడ తెలుస్తుందని అడిగితే, ఒకడు చెవులు కాగుతాయన్నాడు, ఒక పిల్ల గొంతులో ఎంగిలి దిగదంది. ఏ ట్రైనింగ్‌లోనూ ఇంత బాగా చెప్పింది వినలేదు నేను.

ఆ పది నిమిషాలు కూడా దక్కనివ్వడం లేదన్నదే నా గోడు. పొద్దున్నే హాజరు, భోజనం లెక్క, అన్నీ ఫోన్‌లోనే ఎక్కించాలి. సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంటే, లోపల ఏ పిల్ల ఏడుపు మొహంతో వచ్చిందో ఎలా చూస్తాను? 2021లో నిపుణ్ భారత్ అనే కేంద్ర కార్యక్రమం వచ్చాక మూడో తరగతికల్లా చదవడం, లెక్కలు రావాలని అందరం పరుగులు పెడుతున్నాం. రావాల్సిందే, కాదనను. అమ్మ ఎక్కడుందో తెలియని పిల్లాడి చేత నిమిషానికి ఎన్ని పదాలు చదివాడో లెక్క కడితే ఏం తేలుతుంది?

ప్రైవేటు స్కూళ్ల పిల్లలకు ఇవేవీ ఉండవనుకోకండి. వాళ్లకు ఒకటో తరగతి నుంచే ర్యాంకులు, హోంవర్కు టెన్షన్, వ్యానులో పక్కవాడి గిల్లుడు. ఆదివారం రాత్రి అయ్యేసరికి కడుపునొప్పి వస్తుంది. డాక్టరు చూసి ఏమీ లేదంటే ఇంట్లో నాటకం అంటారు. నాటకం కాదండీ, ఆ పిల్లకు నిజంగానే నొప్పిగా ఉంటుంది.

మీ పాప విషయంలో నాకు తోచింది చెబుతాను. ఇంట్లో బాగానే ఉంటుందన్నారు కాబట్టి ఇంట్లో కూర్చోబెట్టి బుద్ధులు చెప్పి లాభం లేదు. టీచరును కలవండి, ఫిర్యాదులా కాకుండా సాయం అడిగినట్టు అడగండి. కొట్టేది ఏ పీరియడ్‌లో, ఎవరిని, అంతకుముందు ఏం జరుగుతోంది అన్నది వారం పాటు రెండు ముక్కల్లో రాసిపెట్టమనండి. తీరికలేదంటే ఇంటర్వెల్‌కు ముందా తర్వాతా అన్నదైనా చెప్పమనండి. ఇంట్లో ఈమధ్య ఏమైనా మారిందా, పాపకు చెప్పకుండా దాచింది ఏమైనా ఉందా చూసుకోండి. కొత్త చెల్లో తమ్ముడో పుట్టడం, ఇల్లు మారడం, మీ ఇద్దరి మధ్య మాటలు తగ్గడం, ఏదైనా సరే. రాత్రి అన్నం పెట్టేటప్పుడు ప్రశ్నలు వేయకుండా ముందు మీ రోజు సంగతి మీరు చెప్పండి, మిమ్మల్ని ఎవరు విసుక్కున్నారో, అప్పుడు మీకేమనిపించిందో. ఆ వివరాలు తెలిశాక ఇక్కడే రాయండి. పాపను ఎవరి పక్కన కూర్చోబెట్టారో కూడా రాయండి, సగం గొడవలు అక్కడే ఉంటాయి.