ప్రశ్న-జవాబు: నీలి టోపీ సిపాయిల ఇళ్ల నుంచి

మా పెద్దాడు దక్షిణ సూడాన్‌లో ఐక్యరాజ్యసమితి శాంతి సేనలో, ఆ నీలి టోపీ వాళ్లలో ఉన్నాడు. రక్షణ మంత్రిగారు శిబిరానికి వస్తే ఇక్కడి పొలం తగాదా ఆయన చెవిన వెయ్యమన్నాను. వాడు జంకుతున్నాడు. నేను చెప్పింది తప్పా?
– ఒక తండ్రి, గుణుపూర్, రాయగడ జిల్లా

మీ బాధలో తప్పు లేదు గానీ, అది చెప్పుకునే చోటు వేరండీ. అక్కడ గస్తీ ఎటు తిరగాలి, ఏ దారి కాయాలి అన్నది సమితి నియమించిన ఫోర్స్ కమాండర్ చూస్తారు. మన మంత్రి ఆ ఆజ్ఞలు మార్చలేరు. జీతం, సెలవు, ఇంటి కష్టం మన సైన్యం చూసుకోవాల్సినవే, అయితే వాటికీ వరస ఉంది. సిపాయిలందరినీ ఒకచోట చేర్చే సమ్మేళనంలో మంత్రి "ఇబ్బందులేమైనా ఉన్నాయా" అని అడిగితే అందరికీ చెందిన మాట చెప్పొచ్చు. సిపాయి సొంత ఫిర్యాదు మాత్రం 1950 నాటి సైనిక చట్టం 26వ సెక్షన్ ప్రకారం పై అధికారితోనే మొదలవ్వాలి.

పొలం సంగతికి మీవాడు కమాండింగ్ ఆఫీసరుకు అర్జీ పెట్టాలి. ఖాతా, ప్లాటు నంబర్లు, పట్టా నకలు, తగాదా ఎవరితో, ఏ తేదీన ఏం జరిగింది అన్నీ అందులో ఉండాలి. దాన్నిబట్టి యూనిట్ నుంచి కలెక్టరుకు, ఎస్పీకి ఉత్తరం వస్తుంది. దాని నకలు పట్టుకుని మీరు జిల్లా సైనిక బోర్డుకు వెళ్లండి. మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లలో పని ఆగిపోయేది ఎక్కువగా పేరు దగ్గరే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా పట్టాలో అది చివరకు పోతుంది, సర్వీసు పుస్తకంలో పొడి అక్షరంగా మిగులుతుంది. ఈ పేర్లన్నీ ఒక మనిషివేనని నోటరీ అఫిడవిట్ ముందే చేయించి అర్జీకి జతచేయండి. వ్యవహారం ఇప్పటికే సివిల్ కోర్టులో ఉంటే, 1925 నాటి సైనికుల వ్యాజ్యాల చట్టం కింద విచారణ ఆపమని కోరే వీలుందేమో మీ వకీలును అడగండి. ఆ చట్టం పెట్టింది కోర్టుకు రాలేని చోట కొలువు చేస్తున్న సిపాయిల కోసమే.

శాంతి సేన శిబిరాలకు మంత్రుల పర్యటనలు ఆఖరి గడియలో ఎందుకు మారతాయి? ఫొటోల్లో మా తమ్ముడు కనబడకపోతే మనసు కలుక్కుమంటుంది.
– పర్లాకిమిడి అక్కగారు

దక్షిణ సూడాన్‌లో వానలు సుమారు మే నుంచి అక్టోబరు దాకా. నేల నల్లరేగడి, తడిస్తే చక్రం కదలదు, హెలికాప్టరే దిక్కు. అది ఎగరాలంటే అక్కడి ప్రభుత్వం భద్రతకు హామీ ఇవ్వాలి. ఆ హామీ రాకపోతే మంత్రి అయినా ఆగాల్సిందే. 2012 డిసెంబరులో జోంగ్లెయి రాష్ట్రంలో సమితి హెలికాప్టరును అక్కడి సైన్యమే కూల్చింది, నలుగురు రష్యన్ సిబ్బంది చనిపోయారు. 2013 ఏప్రిల్‌లో అదే రాష్ట్రంలో మాటు వేసి కాల్చిన దాడిలో మన సైనికులు అయిదుగురు ప్రాణాలిచ్చారు. అందుకే ఎవరొచ్చినా పహారా సడలించరు. మంత్రి వచ్చిన పూట కాపలాలో ఉన్నవాడు ఫొటోలోకి రాలేడమ్మా. మీ తమ్ముడు కనబడలేదంటే డ్యూటీలో ఉన్నాడనుకోండి.

మా అల్లుడికి జీతం డాలర్లలో వస్తుందని ఊరంతా అంటున్నారు. నిజమేనా?
– సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జీతం మన ప్రభుత్వమే ఇస్తుంది. 2022 జులైలో ఖరారైన లెక్క ప్రకారం సమితి ఒక్కో సిపాయి పేరిట నెలకు 1,448 డాలర్లు చెల్లిస్తుంది, కానీ అది ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. బండ్లు, పరికరాలు పని చేయకుండా పడి ఉంటే అందులో కోత కూడా పడుతుంది. సమితి నేరుగా సిపాయి చేతికిచ్చేది రోజుకు 1.28 డాలర్లు, ఆరు నెలలకు గరిష్ఠంగా 15 రోజుల విశ్రాంతి సెలవుకు రోజుకు 10.50 డాలర్లు. కాబట్టి డాలర్ల ఆశతో అప్పులు చేయకండి.

కాంగో నుంచి వచ్చిన మా ఆయనకు మూడో వారంలో చలిజ్వరం. మల్కనగిరిలో మలేరియా మామూలేగా, ఆశా అక్క దగ్గరి మాత్రలు చాలవా?
– ఒక గృహిణి

చాలవమ్మా, ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రెండు చోట్లా ఉండేది ఎక్కువగా ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా రకమే, కానీ మందు వేరు కావచ్చు. ఇక్కడ దానికి వాడే ఆర్టిసునేట్‌తో సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ కలిపి ఇస్తారు. ఈ రెండో మందుకు ఆఫ్రికాలో చాలాచోట్ల పరాన్నజీవి లొంగడం లేదు. అందుకని "కాంగో నుంచి వచ్చారు, ఫలానా తేదీన దిగారు" అని డాక్టరుకు మొదటే చెప్పండి. ఆర్టిమెథర్-ల్యూమెఫాంట్రిన్ లాంటివి ఇవ్వాలా అన్నది ఆయన తేలుస్తారు. మొదటి పరీక్షలో ఏమీ లేదన్నా, జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్లీ రక్తం చూడాలి. మత్తుగా ఉండటం, మాట తడబడటం, మూత్రం నల్లగా రావడం, ఆగని వాంతులు, వీటిలో ఏది కనబడినా గంట కూడా ఆగవద్దు.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. అక్కడ వాడిన నివారణ మాత్ర, డాక్సీసైక్లిన్ అయితే రోజూ, మెఫ్లోక్విన్ అయితే వారానికొకటి, ఆ దేశం వదిలాక కూడా నాలుగు వారాలు మింగాలి. ఇల్లు చేరిన సంబరంలో చాలామంది మానేస్తారు. మీ ఆయన ఏ మాత్ర వాడారో, ఎప్పుడు మానారో కాగితం మీద రాసి డాక్టరుకివ్వండి.