డ్రోన్ కోర్సా, డిగ్రీనా? డిజిటల్ సేద్యంలో చదువుల దారి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఆరెకరాల్లో పత్తి, మిర్చి వేస్తాం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. వయసు 17. వ్యవసాయంలో టెక్నాలజీ వైపు వెళ్తానంటోంది. డ్రోన్ పైలట్ కోర్సు చేస్తే వెంటనే ఉపాధి దొరుకుతుందని ఒకరు అంటున్నారు. ‘అగ్రికల్చర్‌లో ఏఐ’ పేరుతో ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ ఉంది, చేర్చమని ఇంకొకరు. ఇవేవీ వద్దు, సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్)లో వేయమని బంధువులు. ఏ దారి మంచిది?
– ఒక తండ్రి

జవాబు: ముందు డ్రోన్ సంగతి తేల్చుకుందాం. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవాలంటే 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి. మీ అమ్మాయికి ఇప్పుడు వయసు చాలదు. శిక్షణ వారం రోజుల లోపే అయిపోతుంది. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే ఇలాంటి డ్రోన్ అకాడమీ ఉంది. అంటే డిగ్రీ చదువుతూ ఏదో ఒక వేసవి సెలవుల్లో పూర్తిచేయగల పని ఇది. పదో తరగతి పాసైన ఎవరైనా వారంలో సంపాదించగల అర్హతను నమ్ముకుని, చేతిలో ఉన్న ఇంటర్ ఎంపీసీ చదువును పక్కన పెట్టకండి.

అలాగని డ్రోన్ పని చిన్నదేమీ కాదు. ఎగరేయడం అందులో తేలిక భాగం. కష్టమంతా మందు కలపడంలో, బ్యాటరీల దగ్గర, చేను చదవడంలో ఉంటుంది. చేతి పంపుతోనో తైవాన్ పంపుతోనో ఎకరానికి 150 నుంచి 200 లీటర్ల నీళ్లు పడతాయి. డ్రోన్ ఆ పనిని దాదాపు 10 లీటర్లతో చేస్తుంది. ఎకరానికి వేయాల్సిన మందు మోతాదు మాత్రం మారదు. కాబట్టి ట్యాంకులో ద్రావణం 15 నుంచి 20 రెట్లు చిక్కగా ఉంటుంది. రైతులు అలవాటుగా పురుగు మందు, తెగులు మందు, పోషకం మూడూ ఒకేసారి పోయమంటారు. 200 లీటర్లలో ఇబ్బంది పెట్టని కలయిక 10 లీటర్లలో విరిగి గడ్డలు కడుతుంది, నాజిళ్లు మూసుకుపోతాయి, ఆకు మాడుతుంది. అదే నిష్పత్తిలో కొద్దిగా గాజు సీసాలో కలిపి, అరగంట ఆగి చూసి, అడుగున ఏమీ పేరుకోకపోతేనే ట్యాంకులో పోయాలి. పొడి మందుల్ని విడిగా కరిగించి గుడ్డతో వడకట్టాలి.

ఇక చేను. పంటపైన రెండు మూడు మీటర్ల ఎత్తులో ఎగిరే డ్రోన్ రెక్కల గాలి మందును కిందికి తోస్తుంది. వరిలో అది మొదళ్ల దాకా చేరుతుంది. ఏపుగా పెరిగి కమ్ముకున్న పత్తిలో పై ఆకులు తడిసి, కింది ఆకుల అడుగున ఉన్న తెల్లదోమ బతికిపోతుంది. మిర్చిలో 2021-22లో మన జిల్లాలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో దాక్కుంటుంది. పైపైన తుంపర పడితే దానికేమీ కాదు. గాలి బాగా వీచే వేళ కలుపు మందు కొడితే పక్క చేను పోతుంది, ఆ తగాదా పైలట్ మెడకు చుట్టుకుంటుంది. అందుకే తెల్లవారుజామున, లేదంటే ఎండ తగ్గాక పని చేస్తారు. మధ్యలో కరెంటు తీగలు, బోరు మోటారు స్తంభాలు, గట్ల మీది చెట్లు. వీటన్నిటినీ ముందుగా నడిచి చూసి మ్యాపులో గుర్తు పెట్టుకున్నవాళ్లకే డ్రోన్ క్షేమంగా దిగుతుంది.

డబ్బు లెక్క కూడా చెప్పుకుందాం. ఎకరాకు 400 రూపాయల చొప్పున రోజుకు 20 ఎకరాలు కొడితే 8,000. నిండు ట్యాంకుతో ఒక బ్యాటరీ సెట్టు పది నిమిషాలు అటూఇటూగా వస్తుంది. అంటే ఎకరానికో సెట్టు మార్చాలి. కనీసం నాలుగైదు సెట్లు, పొలం దగ్గరే జనరేటరు, ఒక వాహనం, ఒక సహాయకుడు ఉండాలి. వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే చార్జింగుకు పెట్టినా, పని లేని నెలల్లో నిండా చార్జి చేసి వదిలేసినా ఉబ్బి పాడవుతుంది. నిల్వ ఉంచేటప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఆపాలి. థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. పైగా పిచికారి పని ఏడాదంతా దొరకదు. ఇది పార్ట్‌టైం ఆదాయంగా బాగుంటుంది. 17 ఏళ్ల పిల్లకు జీవితకాలపు వృత్తిగా చూపించదగ్గది మాత్రం కాదు. కేంద్రం 2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం లక్ష్యం 15,000 మహిళా సంఘాలకు 80 శాతం రాయితీపై, గరిష్ఠంగా 8 లక్షల వరకు సాయంతో డ్రోన్లు ఇవ్వడం. డ్రోన్లు పెరిగే కొద్దీ వాటిని ఎగరేసేవాళ్ల కంటే మోటార్లు, పంపులు, కంట్రోలర్లు బాగుచేసేవాళ్ల కొరతే ఎక్కువ కనిపిస్తుంది. ఇంజినీరింగ్ చదివిన పిల్లలకు ఇది గమనించదగ్గ విషయం.

డిజిటల్ వ్యవసాయం అంటే డ్రోన్ ఒక్కటే అనుకోవద్దు. ఉద్యోగాలు ఎక్కువగా పుడుతున్నది కంటికి కనిపించని చోట, అంటే సమాచారంలో. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,817 కోట్లతో డిజిటల్ అగ్రికల్చర్ మిషన్‌ను ఆమోదించింది. అందులోని అగ్రిస్టాక్ కింద రైతుల రిజిస్ట్రీ, గ్రామాల మ్యాపులు, ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారన్న రికార్డు తయారవుతున్నాయి. ఫసల్ బీమాలో వరి, గోధుమల దిగుబడి అంచనాకు 2023 ఖరీఫ్ నుంచి ఉపగ్రహ సమాచారం వంటి సాంకేతిక పద్ధతులకు కనీసం 30 శాతం విలువ ఇస్తున్నారు. మీ ఖమ్మం జిల్లాలోనే ‘సాగు బాగు’ ప్రాజెక్టు తొలి దశలో సుమారు 7,000 మంది మిర్చి రైతులతో ఏఐ సలహాలు, భూసార పరీక్షలు, కాయ నాణ్యత పరీక్షల ప్రయోగం జరిగింది. వీటి వెనక పనిచేసేవాళ్లు కావాలి. ఎలాంటివాళ్లు కావాలో రెండు ఉదాహరణలు చెబుతాను.

యూరప్‌కు చెందిన సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఐదు రోజులకోసారి ఉచితంగా దొరుకుతాయి. అందులో ఒక్కో చుక్క నేలమీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే 100 చదరపు మీటర్లు, దాదాపు మన గుంట. ఎకరానికి 40 చుక్కలన్నమాట. పది గుంటల మడి అయితే పది చుక్కలే. వాటిలో చాలావరకు గట్టునో, పక్క చేనునో కలుపుకుంటాయి. దేశంలో సగటు కమతం 2015-16 వ్యవసాయ గణన ప్రకారం 1.08 హెక్టార్లు. పెద్ద కమతాల దేశాల్లో తయారైన సాఫ్ట్‌వేర్ ఇక్కడ తడబడేది ఈ గట్ల దగ్గరే. పంట పచ్చదనాన్ని ఎన్‌డీవీఐ అనే అంకెతో కొలుస్తారు. గడ్డి బలిసిన చేనూ ఆ అంకెలో ఆరోగ్యంగానే కనిపిస్తుంది! పత్తి పెరిగే జులై నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు కమ్మితే మామూలు చిత్రం ఏమీ చూపించదు. అప్పుడు మబ్బుల్ని దాటి చూసే సెంటినెల్-1 రాడార్ సమాచారం వాడతారు. నాట్లు వేసిన వరి మడిలో నీళ్లు అందులో నల్లగా తేలతాయి. ఇది పత్తి చేనా, కంది చేనా, ఉత్త గడ్డేనా అని పొలానికి వెళ్లి సరిచూడగలిగి, ఆ తేడాను కోడ్‌లో రాయగలిగిన మనిషి దొరకడం కష్టం. మీ అమ్మాయి చేలో పెరిగిన పిల్ల. ఆ అనుభవం విలువను ఇంట్లో ఎవరూ తక్కువ చేయవద్దు.

రెండోది సెన్సర్ల సంగతి. నేల తేమ కొలిచే పరికరం ఎర్ర చెలకలో బాగానే చెబుతుంది. అదే నల్లరేగడిలో, నేల ఎండి నెర్రెలు విచ్చగానే పరికరానికీ మట్టికీ మధ్య గాలి చేరి, తేమ ఉన్నా లేదని చూపిస్తుంది. దాన్ని నమ్మి డ్రిప్ వాల్వు తెరుచుకుంటే నీళ్లు వృథా, మిర్చికి వేరుకుళ్లు. పరిష్కారం ఏమిటంటే 15, 30 సెంటీమీటర్ల లోతుల్లో రెండు సెన్సర్లు పెట్టడం, ఆ చేని మట్టినే తీసి 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఎండబెట్టి బరువు తేడాతో సెన్సర్‌ను సరిచేయడం. సిగ్నల్ కోసం మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని 865-867 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే లోరా అనే రేడియో పద్ధతి వాడతారు. నాటినప్పుడు బాగా అందిన సిగ్నల్ పంట ఎదిగాక తగ్గుతుంది, అందుకే యాంటెన్నా పంటకంటే పైన ఉండాలి. తీగలు పైపులో పోనివ్వకపోతే ఎలుకలు కొరికేస్తాయి. ఇవన్నీ ఎలక్ట్రానిక్స్‌తోపాటు మట్టి తెలిసినవాళ్లు చేసే పనులు.

ఇప్పుడు కోర్సు. ఎంపీసీతో ఈఏపీసెట్ ద్వారా బీఎస్సీ అగ్రికల్చర్ సీటు రాదు, అది బైపీసీ విద్యార్థులది. వ్యవసాయాధికారి ఉద్యోగం మీద ఆశ ఉంటే ఈ విషయం ఇప్పుడే అమ్మాయికి స్పష్టంగా చెప్పండి. మీ అమ్మాయికి సరిపోయే మొదటి దారి బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా కందిలో, ఆంధ్రప్రదేశ్‌లో బాపట్ల, మడకశిరల్లో వ్యవసాయ విశ్వవిద్యాలయాల కాలేజీలు ఉన్నాయి. నేల-నీటి సంరక్షణ, యంత్రాలు, డ్రిప్, కోత తర్వాతి ప్రాసెసింగ్ చదువుతారు. రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను, పంటను చదవడం) కూడా సిలబస్‌లో ఉంటుంది. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్‌లో అగ్రికల్చరల్ ఇంజినీరింగ్‌కు విడిగా పేపరు ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్ వంటి చోట్ల ఎంటెక్ చేయవచ్చు. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసరు పోస్టుకూ ఈ డిగ్రీ పనికొస్తుంది. దీని బలహీనత ప్రోగ్రామింగ్. కాలేజీలో నేర్పేది చాలదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ సొంతంగా నేర్చుకోవాలి.

రెండో దారి సీఎస్‌ఈ లేదా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్). బంధువుల సలహా పూర్తిగా తప్పేమీ కాదు. కోడింగ్ అంటే నిజంగా ఇష్టం ఉండి మంచి కాలేజీలో సీటు వస్తే ఇదీ సరైనదే. వ్యవసాయ రంగం తర్వాత నచ్చకపోయినా ఇతర అవకాశాలు ఉంటాయి. కానీ నాలుగేళ్లూ పంట వైపు చూడకుండా చదివితే డిగ్రీ అయ్యాక పొలం తెలిసిన అమ్మాయి కూడా మిగతావాళ్లలో ఒకరు అయిపోతుంది. మినీ ప్రాజెక్టులు, ఫైనల్ ప్రాజెక్టు పంట సమస్యల మీదే చేయాలి. ఈ రెండింటిలో మీ అమ్మాయికి ఏది? మోటారు పాడైతే విప్పి చూసే పిల్ల అయితే అగ్రికల్చరల్ ఇంజినీరింగ్. లెక్కలతో, కంప్యూటర్‌తో గంటలు గడిపే పిల్ల అయితే సీఎస్‌ఈ. మీరు చెప్పినదాంట్లో వ్యవసాయం అనే మాట అమ్మాయి నోటి నుంచే వచ్చింది కాబట్టి, కంది కాలేజీలో సీటు వస్తే వదులుకోవద్దనే చెబుతాను.

కొత్త పేర్లతో వస్తున్న ప్రైవేటు బీటెక్‌లో చేర్చే ముందు కాలేజీకి స్వయంగా వెళ్లి కొన్ని అడగండి. డిగ్రీ పట్టాపై ఏ బ్రాంచి పేరు ముద్రిస్తారు? సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతి ఆ బ్రాంచికే ఉందా? కాలేజీ పొలం ఎన్ని ఎకరాలు, ఎవరి పేరున ఉంది? మట్టి, నీరు, పంట పాఠాలు చెప్పేవాళ్లలో వ్యవసాయ డిగ్రీ ఉన్నవారు ఎందరు? డ్రోన్ ల్యాబ్ అంటే అద్దాల బీరువాలో ఉన్న ఒక డ్రోనా, పిల్లలు ఎగరేస్తున్నదా? బీఎస్సీ అగ్రికల్చర్ చూపించే ప్రైవేటు కాలేజీ అయితే భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) గుర్తింపు పత్రం చూడందే రూపాయి కట్టవద్దు. అది లేని డిగ్రీతో పై చదువుల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో చిక్కులు వస్తాయి.

ఈ ఏడాది పరీక్షల మధ్యలో పెద్ద పనులు పెట్టకండి. ఈఏపీసెట్ ర్యాంకే ముఖ్యం. పరీక్షలు అయ్యాక కౌన్సెలింగ్ దాకా ఉండే ఖాళీలో ఒక పని చేయించండి. సెంటినెల్ చిత్రాలు చూపించే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో ఉచిత ఖాతా తెరిచి మీ ఆరెకరాల్ని వెతకమనండి. గడిచిన ఏడాది జూన్ నుంచి జనవరి దాకా మబ్బు లేని చిత్రాలు ఏరి, ఒక్కో తేదీకి ఎన్‌డీవీఐ రాసుకోవాలి. పక్కనే మీరు విత్తిన తేదీ, ఎరువు వేసిన రోజు, పురుగు పడిన వారం, కాయ ఏరిన రోజులు నోటుబుక్కులో పెట్టాలి. ఎక్కడ ఉపగ్రహం మీ అనుభవంతో సరిపోయింది, ఎక్కడ తప్పింది అన్నది రెండు పేజీల్లో రాయాలి. ఇంటర్న్‌షిప్ అడగడానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ల కట్టకంటే ఈ రెండు పేజీలే ఎక్కువ మాట్లాడతాయి. తర్వాత డెహ్రాడూన్‌లోని భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ (ఐఐఆర్‌ఎస్) ఆన్‌లైన్‌లో ఉచితంగా నిర్వహించే రిమోట్ సెన్సింగ్ కోర్సులు చేయవచ్చు. బీటెక్ మూడో ఏడాదికల్లా బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వంటి చోట్ల ప్రాజెక్టు కోసం దరఖాస్తు పెట్టాలి.

చదువయ్యాక ఊళ్లోనే సొంతంగా ఏదైనా పెడతానంటే దానికీ దారి ఉంది. వ్యవసాయం, అనుబంధ కోర్సుల పట్టభద్రులకు అగ్రి క్లినిక్‌లు, అగ్రి బిజినెస్ సెంటర్ల పథకం కింద రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ ‘మేనేజ్’ పర్యవేక్షణలో 45 రోజుల ఉచిత శిక్షణ ఇస్తారు. ఆ తర్వాత ఒక్కరికి 20 లక్షల వరకు ప్రాజెక్టుకు బ్యాంకు రుణం, అందులో మహిళలకు 44 శాతం రాయితీ. వ్యవసాయ పట్టభద్రులు అద్దె యంత్రాల కేంద్రం పెడితే డ్రోన్ ధరలో 50 శాతం, గరిష్ఠంగా 5 లక్షల దాకా సాయం ఇచ్చేలా కేంద్ర యాంత్రీకరణ పథకంలో నిబంధన ఉంది. ఈ రాయితీలు డిగ్రీ చేతికొచ్చాకే వర్తిస్తాయి. ఇప్పుడే అప్పు చేసి డ్రోన్ కొనిపెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. నాలుగేళ్లలో బ్యాటరీలు అరిగిపోతాయి, మోడల్ పాతబడుతుంది, అమ్మాయి హాస్టల్లో ఉంటుంది.